మన పొరపాటు, ఆ పిల్ల బాకీ

ఉగాది నాడు పంచాంగ శ్రవణం అయ్యాక అమెరికాలోని మన సంఘం కోశాధికారిగారు లెక్కలు చదివారు. స్కాలర్‌షిప్పుల పద్దు దగ్గరకొచ్చేసరికి, "పొరపాటున వేరే అమ్మాయికి వెళ్ళిన 45,000 రూపాయలు కాలేజీ ద్వారా రికవరీ చేయిస్తున్నాం" అన్నారు. హాలంతా చప్పట్లు. నా చేతులూ కలిశాయి. ఇంటికొచ్చి పడుకున్నా ఆ చప్పట్లు చెవుల్లోంచి పోలేదు. స్కాలర్‌షిప్పులకి మనం కాలేజీకి పంపిన జాబితా కింద ఉన్న మూడు సంతకాల్లో ఒకటి నాది.

కోనసీమలో మనం సాయం చేసే ఆ కాలేజీలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్న అమ్మాయిలు ఇద్దరున్నారు. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. మనం పంపిన జాబితాలో రోల్ నంబరు చివరి రెండంకెలు తారుమారయ్యాయి. కాలేజీవాళ్ళూ సరిచూడలేదు. డబ్బు రెండో అమ్మాయి ఫీజుకీ హాస్టల్‌కీ జమ అయిపోయింది. ఆమె చేతికి ఒక్క రూపాయి రాలేదు. తనకే వచ్చిందనుకుని చదువుకుంది, పాసైంది. ఏడాది తిరిగాక, ఫిబ్రవరిలో, కాలేజీ నుంచి ఉత్తరం: పదిహేను రోజుల్లో మొత్తం కట్టాలి, కట్టేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వం.

ఫిబ్రవరిలో డెల్టాలో కౌలు రైతు చేతిలో డబ్బెక్కడుంటుంది? సార్వా, అంటే వానాకాలం పంట, గింజల డబ్బు పాత బాకీలకూ పండక్కీ పోతుంది. దాళ్వా, అంటే రెండో పంట, పెట్టుబడి ఇంకా చేలోనే ఉంటుంది. ఈ సంగతి మనలో సగం మందికి పుట్టి పెరిగిన దగ్గర్నుంచీ తెలుసు. అయినా గడువు పెట్టమన్నాం.

నాకు ఇలాంటి పిలుపే 1997లో వచ్చింది. అంతకు ముందు నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను సంగతి కోనసీమవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. వెయ్యి మందికి పైగా పోయారు. తెల్లారి చూస్తే మా ఊళ్ళో కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి. మా ఇంటి కప్పు చెరువులో తేలింది. కాలేజీ యాజమాన్యం తుఫాను బాధితుల పిల్లలకు ఫీజు రాయితీ ఇస్తే, నా పేరూ రాశారు. మూడు నెలలయ్యాక పిలిచి, రాయితీ భూమి పాస్‌బుక్ ఉన్న రైతులకేననీ, మాది కౌలు గనుక నా పేరు పొరపాటున పడిందనీ, 1,800 వెనక్కి కట్టాలనీ చెప్పారు. ఆ చేలో పంట పోయింది మాది. పాస్‌బుక్‌లో పేరు మాత్రం హైదరాబాద్‌లో ఉండే ఆసామిది.

నాన్నగారు ఆఫీసు గుమ్మం దగ్గర కండువా చేతిలో పట్టుకుని నిలబడ్డారు. గుమాస్తాగారు నోరు తెరిచేలోపే "ఆయ్, కట్టేత్తానండి" అన్నారు. సాయంత్రానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేశారు. ఆ వేసవిలో పాడిగేదె అమ్ముడుపోయింది. చెల్లెలు ఆ ఏడాది బడి మానేసింది. చాన్నాళ్ళ తర్వాత తెలిసింది, నాలాగే పేరు పడిన ఇంకో ఇద్దరికి గుమాస్తాగారు వాయిదాల మీద కట్టే వీలు ఇచ్చారని. వాళ్ళు అడిగారు. నాన్నగారికి అడగడానికి నోరు రాలేదు, అంతే. ఈ కథని మన వేదికల మీద నాన్నగారి నిజాయితీకి గుర్తుగా ఎన్నోసార్లు చెప్పాను. చెల్లెలి బడి సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

అందుకే ఆ అమ్మాయి తల్లికి ఫోన్ చేశాను. మా పక్క ఊరే. "ఒకరి సొమ్ము మాకొద్దండి బాబూ. నానుతాడు తాకట్టెట్టి ఇరవై వేలు కట్టేసేం. మిగతాది దాళ్వా మాసూళ్ళయ్యాక కట్టేత్తాం. అందాకా పిల్ల కాగితాలు ఆపొద్దని చెప్పండి" అంది. ఒరిజినల్స్ చూపితేగాని పిల్లకి ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకుండా బాకీ ఎలా తీరుస్తుంది?

కమిటీ మాటలోనూ న్యాయం ఉంది. అది దాతల డబ్బు. అసలు రావలసిన అమ్మాయి ఏడాదిగా ఎదురుచూస్తోంది. పొరపాటున అందిన సొమ్ము తిరిగివ్వాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 72వ సెక్షనే చెబుతోంది. ఆదాయం దాచి, దొంగ కాగితాలు పెట్టి తీసుకున్నవాళ్ళ దగ్గర వసూలు చేయాల్సిందే. కానీ ఈ పిల్ల ఏం దాచింది? జీతాలు పొరపాటున ఎక్కువ చెల్లించిన కేసులో 2014లో సుప్రీంకోర్టు, వసూలు వల్ల చిన్న ఉద్యోగికి కలిగే కష్టం యజమాని హక్కుని మించిపోయేటప్పుడు వసూలు చేయకూడదంది. అది ఉద్యోగుల మాట, నిజమే. అందులోని ధర్మం మనకు వర్తించదా?

సర్టిఫికెట్ల విషయంలో అయితే వాదనకే చోటు లేదు. కాలేజీలు ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 అక్టోబరులోనే చెప్పింది. మనముండే ఈ అమెరికాలోనూ విద్యార్థులకిచ్చే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయం నిర్వహణలో కాలేజీ చేసిన తప్పు వల్ల పడిన బాకీకి ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల పత్రం) ఆపకూడదని 2024 జూలై 1 నుంచి నిబంధన ఉంది. మన పిల్లలకి ఇక్కడ ఆ రక్షణ కావాలని కోరుకుంటాం. ఆ పిల్లకి అక్కడ మన పేరు మీదే కాగితాలు ఆపుతున్నారు.

45,000 అంటే సుమారు ఐదొందల డాలర్లు. అసలు అమ్మాయికి మన సాధారణ నిధి నుంచి ఈ వారమే పంపుదాం. రెండో అమ్మాయి దగ్గర వసూలు మానేద్దాం, కట్టిన ఇరవై వేలూ వెనక్కిద్దాం, ఆ నానుతాడు విడిపించుకుంటారు. సంతకం పెట్టినవాడిగా నా వంతు 15,000 కోశాధికారిగారికి ఇచ్చేశాను. మిగతా ఇద్దరినీ పేరుపెట్టి అడగను. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని మొదటి అంశంగా పెట్టమని అధ్యక్షులవారికి ఉత్తరం రాశాను. సర్టిఫికెట్లు ఇచ్చేయమని కాలేజీకి ఒక ఈమెయిల్ పంపడానికి మాత్రం సమావేశం దాకా ఆగొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. దాన్ని ఇవాళే పంపవచ్చు.