వాకబు శాఖ

అమెరికా గూఢచారి సంస్థ సీఐఏలో ఆల్డ్రిచ్ ఏమ్స్ అనే ఉద్యోగి ఉండేవాడు. ఏడాదికి 70,000 డాలర్లు కూడా దాటని జీతం మీద 5,40,000 డాలర్ల ఇల్లు రొక్కం చెల్లించి కొన్నాడు. ఆఫీసుకు జాగ్వార్ కారులో వచ్చేవాడు. ఇంత డబ్బు ఎక్కడిదంటే, కొలంబియాలో మా అత్తవారు బాగా ఉన్నవాళ్లు అనేవాడు. కాబోలు అనుకున్నారు. అబద్ధాలు పట్టే యంత్రం ముందు రెండుసార్లు కూర్చోబెడితే రెండుసార్లూ నెగ్గాడు. 1985 నుంచి సోవియట్లకు రహస్యాలు అమ్ముకుంటున్నవాణ్ణి 1994లో గాని పట్టుకోలేకపోయారు. ఈలోగా అమెరికాకు రహస్యంగా పనిచేస్తూ అతని వల్ల పట్టుబడిన సోవియట్ మనుషుల్లో పదిమంది దాకా మరణశిక్షకు గురయ్యారు.

తొమ్మిదేళ్లు! చిక్కడపల్లిలో ఉండే మా పెద్దమ్మకు ఒక్క మధ్యాహ్నం చాలు.

పెళ్లి సంబంధాల వాకబులో ఆవిడది నలభై ఏళ్ల సర్వీసు. 'అత్తవారిచ్చారు' అనే మాట చెవిన పడగానే ఆ అత్తవారి ఊరు, ఇంటిపేరు అడుగుతుంది. ఆ తర్వాత అక్కడ మనవాళ్లెవరున్నారా అని ఆలోచిస్తుంది. కొలంబియా రాజధాని బొగోటాలో మనవాళ్లెవరుంటారంటారా? ఉంటారు. ఎవరి తోడికోడలి మేనల్లుడో అక్కడ ప్రాజెక్టు మీద వెళ్లే ఉంటాడు.

బ్రిటిష్ గూఢచారి శాఖ వారి సంగతి ఇంకా అన్యాయం. కిమ్ ఫిల్బీ తండ్రి పేరున్నవాడు, చదివింది కేంబ్రిడ్జి. మంచి కుటుంబం కదా అని చేర్చుకుని, 1944లో సోవియట్ గూఢచారులను కనిపెట్టే విభాగాన్నే చేతిలో పెట్టారు. తీరా చూస్తే అతను సోవియట్ మనిషే. పెళ్లికొడుక్కి 1934లోనే వియన్నాలో ఒక కమ్యూనిస్టు అమ్మాయితో మొదటి పెళ్లి అయింది. మొదటి పెళ్లి సంగతి పట్టించుకోని వాళ్లు దేశ రహస్యాలు కాపాడతారట!

అందుచేత కేంద్ర ప్రభుత్వానికి నాదొక విన్నపం. 1968లో మన గూఢచారి సంస్థ ఐబీ నుంచి విదేశీ విభాగాన్ని వేరుచేసి, 'రా' అని పేరు పెట్టి, రామేశ్వర్‌నాథ్ కావ్‌కు అప్పగించారు. సంతోషం. అదే పద్ధతిలో ఇప్పుడు వాకబు శాఖ కూడా ఒకటి ఏర్పాటు చేయాలి. భవనాలు అక్కర్లేదు, కిరాణా కొట్టు ముందు ఒక ప్లాస్టిక్ కుర్చీ చాలు. తూర్పు జర్మనీ రహస్య పోలీసు శాఖ స్టాసీ వారు 90,000 మందికి జీతాలిచ్చి, వరసగా పేర్చితే 111 కిలోమీటర్లు వచ్చేటన్ని ఫైళ్లు తయారుచేశారు. మా పెద్దమ్మ పాత శుభలేఖల వెనక పెన్సిల్‌తో రాసుకుంటుంది.

ఆవిడ పనితనం నేను కళ్లారా చూశాను. మనవరాలికి వనస్థలిపురం సంబంధం వచ్చింది. గంజి పెట్టిన నేత చీర ఒకటి సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, అబ్బాయి వాళ్ల సందు మొదట్లో ఉన్న ఇస్త్రీ బండి దగ్గరికి బయల్దేరింది. మామూలు వాళ్లు ఇరుగుపొరుగులను అడుగుతారు. ఇరుగుపొరుగులకు ఇష్టాయిష్టాలుంటాయి, ఇస్త్రీ అతని దగ్గర లెక్క ఉంటుంది. చీర ఇచ్చి, ఎండల గురించి, బొగ్గు ధర గురించి మాట్లాడి, పావుగంటలో కూపీ లాగింది: పోయినేడు దాకా వారానికి అయిదు చొక్కాలు వచ్చేవి, ఇప్పుడు రెండే వస్తున్నాయి.

"ఉద్యోగం ఊడింది" అని నా చెవిలో తేల్చేసింది.

ఊడలేదు, అబ్బాయి వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. సమాచారం నిజమే, అర్థం చేసుకోవడమే బెడిసింది. పెద్ద పెద్ద ఏజెన్సీలకే తప్పని జబ్బు కనుక దీన్ని ఆవిడ సర్వీసు రికార్డులో రాయకూడదని మనవి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. 1955లో సీఐఏ, బ్రిటిష్ వారు కలిసి బెర్లిన్‌లో సొరంగం తవ్వి, సోవియట్ టెలిఫోన్ తీగల మీద దాదాపు ఏడాదిపాటు చెవి వేశారు. ఆ పథకం వేసిన సమావేశంలో కూర్చున్న జార్జ్ బ్లేక్ అనే బ్రిటిష్ గూఢచారి అవతలి పక్షం మనిషి. తవ్వకముందే సంగతి మాస్కోకు తెలుసు.

ఇస్త్రీ అతను చీర మడత పెట్టి, కాగితంలో చుడుతూ, "చిక్కడపల్లి నుంచి కదమ్మా వచ్చారు? మీ సందులో బండి మా బావమరిదిదే. అబ్బాయి వాళ్లమ్మగారు మీ ఇంటి సంగతులు పోయిన వారమే అడిగించారు" అన్నాడు.

బావమరిది ఏం చెప్పాడని పెద్దమ్మ అడగలేదు. చీరకు ఇరవై రూపాయలైతే వంద నోటు ఇచ్చి, చిల్లర ఉంచుకోమంది.