పైలట్ మెడికల్‌లో ఏదీ చెప్పొద్దంటున్నారా?

సరదాకి చిన్న విమానం నడపడం నేర్చుకుందామనుకునేవాళ్ల మధ్య, పైలట్లకి చేసే వైద్య పరీక్ష (మెడికల్) గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నదిదీ: "కళ్లజోడుంటే కష్టం. షుగరుంటే కుదరనే కుదరదు. అందుకే మెడికల్‌లో ఏదీ చెప్పకండి. సర్టిఫికెట్ చేతికొస్తే ఐదేళ్లు అడిగే నాథుడుండడు." ఇందులో పూర్తిగా నిలబడే మాట ఒక్కటీ లేదు.

కళ్లజోడు సంగతి తేలిక. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, సరదాకి నడిపే పైలట్లకిచ్చే థర్డ్ క్లాస్ మెడికల్‌కి ఒక్కో కంటికీ దూరపు చూపు 6/12 (మామూలు కంటికి 12 మీటర్ల నుంచి కనిపించేది 6 మీటర్ల నుంచి కనిపించడం) ఉంటే చాలు, అద్దాలతో వచ్చినా సరే. అద్దాలు పెట్టుకునే నడపాలని సర్టిఫికెట్ మీద షరతు రాస్తారు, అంతే. తంటా మోనోవిజన్ కాంటాక్ట్ లెన్సులతో. వాటిలో ఒకటి దూరానికి, రెండోది దగ్గరికి. 1996లో న్యూయార్క్ లాగార్డియాలో దిగుతున్న డెల్టా ఎయిర్‌లైన్స్ ఎండీ-88 విమానం, రన్‌వేకి ముందు దారి చూపే అప్రోచ్ లైట్లను గుద్దుకుంది. కెప్టెన్ ఎత్తును సరిగా అంచనా కట్టలేకపోవడానికి ఆ లెన్సులే కారణమని దర్యాప్తులో తేలింది.

షుగర్ ఉన్నవాళ్లలో ఇన్సులిన్ వాడేవాళ్లకి కూడా ఎఫ్‌ఏఏ 1996 నుంచి, ఒక్కొక్కరినీ విడిగా పరిశీలించి, థర్డ్ క్లాస్ ఇస్తోంది. పైకి వెళ్లాక అసలు భయం షుగర్ ఉన్నట్టుండి పడిపోవడం. అందుకే ఎగిరే ముందూ, ఎగురుతూ కూడా కొలుచుకోవాలి. ఇక బీపీ మందులతో అదుపులో ఉంటే చాలు. పరీక్షలో 155/95 దాటకూడదు.

దాచమనే సలహా ఉంది చూశారూ, అదీ ముంచేది. తెలిసి అబద్ధం రాస్తే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు అని ఎఫ్‌ఏఏ దరఖాస్తు మీదే అచ్చేసి ఉంటుంది. కాదంటారేమోనన్న భయం మాత్రం ఉత్తిది కాదు. అమెరికాలో చిన్న విమానాలకే పరిమితమైన స్పోర్ట్ పైలట్ లైసెన్సుకి కారు లైసెన్సే మెడికల్ కింద చెల్లుతుంది. కానీ చివరిసారి పెట్టిన మెడికల్ దరఖాస్తు తిరస్కరణకు గురై ఉంటే ఆ దారీ మూసుకుపోతుంది. కాబట్టి దరఖాస్తు పెట్టకముందే పాత రిపోర్టులన్నీ పట్టుకుని విమానయాన వైద్యుడి దగ్గర కూర్చోవాలి.

ఐదేళ్ల మాటా సగమే నిజం. థర్డ్ క్లాస్ సర్టిఫికెట్ నలభై ఏళ్ల లోపువాళ్లకి 60 నెలలు చెల్లుతుంది, దాటినవాళ్లకి 24 నెలలే. అయినా ఆ కాగితం చెప్పేది పరీక్ష జరిగిన రోజు సంగతే. ఒంట్లో బాగోలేదని తెలిసీ ఎగిరితే, జేబులో సర్టిఫికెట్ ఉన్నా నిబంధన తప్పినట్టే.

మామూలు జలుబే తీసుకోండి. ఈ మెసేజ్ రాసినవాళ్లు ముక్కు దిబ్బడతో ఎప్పుడైనా కిందికి దిగారో లేదో! పైకెక్కేటప్పుడు చెవి లోపలి గాలి ఎలాగోలా బయటపడుతుంది. దిగేటప్పుడు బయటి ఒత్తిడి పెరుగుతుంటే, ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టం వాచిపోయి తెరుచుకోక కర్ణభేరి లోపలికి పీక్కుపోతుంది. రన్‌వే మీద కన్నుండాల్సిన క్షణంలో చెవిలో సూది దిగినట్టుంటుంది.

పోనీ మాత్ర వేసుకుందామా? చాలా జలుబు మందుల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ మత్తు తెస్తుంది. అది వేసుకున్నాక 60 గంటలు ఆగమంటుంది ఎఫ్‌ఏఏ. బుధవారం రాత్రి తొమ్మిదికి వేసుకుంటే, శనివారం ఉదయం తొమ్మిది దాకా విమానం జోలికి వెళ్లకూడదు.