మహారాజశ్రీ కారు రిపేరు ఎస్టిమేటు గారికి

మహారాజశ్రీ ఎస్టిమేటు గారి దివ్యసముఖానికి కార్ల ఓనర్లు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాం. కుశలం మటుకు ఒకవైపే ఉంది. బండి షెడ్డులో జాకీల మీద ఉంది, చక్రాలు ఊడదీసి గోడకి ఆనించారు. ఈ స్థితిలో బేరమాడే శక్తి ఎవరికి ఉంటుందో తమరికి తెలియంది కాదు.

తమరు పొద్దున పదింటికి నాలుగు వేల చిల్లరతో పుడతారు. బారసాల కూడా కాకముందే, భోజనాల వేళకి, పదకొండు వేలవుతారు. సాయంత్రం ఫోనొస్తుంది: "సార్, విప్పాక బయటపడింది. ఇప్పుడే చేయించేసుకోండి, హైవే మీద ఆగిపోతే కష్టం." హైవే మాట చెవిన పడగానే ఇంట్లోవాళ్లు కళ్లముందు మెదులుతారు, నోట్లోంచి సరే అని వచ్చేస్తుంది. తెల్లారేసరికి తమరు పంతొమ్మిది వేలు.

కాబట్టి ఇకమీదట తమరి మీద సంతకం పెట్టేముందు చిన్న లాంఛనం ఉంటుంది. తమరి కింది భాగంలో ఖాళీ గళ్లు ఉంటాయే, వాటిని అడ్డంగా కొట్టేస్తాం. పక్కనే ఇలా రాస్తాం: "ఈ మొత్తం దాటే ఏ పనికైనా పాడైన పార్టు ఫోటో, ధర వాట్సాప్‌లో పంపాలి; ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే చేయాలి; పాత పార్టులు తిరిగి ఇవ్వాలి." కిలోమీటర్ల రీడింగూ, పెట్రోలు ముల్లూ, నాలుగు వైపుల నుంచి బాడీ ఫోటో తీసుకుంటాం. ఫోన్లో నోటితో అన్న సరే చెల్లదు. తమరికి నామోషీగా ఉంటే మన్నించాలి.

ఇంకో సంగతి. ఇంతకాలం మేమే వచ్చి "క్లచ్ ప్లేటు పోయినట్టుంది, మార్చేయండి" అని రోగమూ మందూ కలిపి చెప్పేవాళ్లం. ప్లేటు మారేది, బాధ మారేది కాదు. అడిగితే "మీరే కదా సార్ మార్చమన్నది" అనేవారు. ఇక పార్టు పేరెత్తం. లక్షణం మాత్రమే రాయిస్తాం: "స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు, నున్నటి రోడ్డు మీద లేదు." ఈ చప్పుడుకి ముందు చూడాల్సింది బండి పక్కకి ఒరగకుండా పట్టే స్టెబిలైజర్ కడ్డీ చివర ఉండే లింకు రాడ్డు, ఆ తర్వాత ఆ కడ్డీకి ఉండే రబ్బరు బుష్షులు, ఆపైన లోయర్ ఆర్ము బాల్ జాయింటు. షాక్ అబ్జార్బర్ నిజంగా పోతే దాని ఒంటి మీద ఆయిలు కారిన తడి కనిపిస్తుంది, గుంత దాటాక కూడా బండి ఊగుతూనే ఉంటుంది. తమరు మాత్రం ఈ వరసని కింది నుంచి పైకి చదువుతారు: రెండు షాకులు, రెండు మౌంటులు, రెండు ఆర్ములు, ఆ తర్వాత వీల్ అలైన్‌మెంటు. లింకు రాడ్డు ఒక్కటే మారిస్తే అలైన్‌మెంటుతో పనే లేదన్న సంగతి తమరిలో ఏ మూలా ఉండదు.

బ్రేకుల దగ్గర తమరి లెక్కలు మరీ సొగసు. "ప్యాడ్లు 80 శాతం అరిగాయి" అంటారు. ఆ శాతం ఎవరు కొలిచారు, దేంతో? మిల్లీమీటర్లు రాయండి. కొత్త ప్యాడు మీద అరిగే పదార్థం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. వెనక ఉండే ఇనప రేకు లెక్కలోకి రాదు. 3 మిల్లీమీటర్లకి దిగితే మారుద్దాం, పేచీ లేదు. 6 ఉంటే తమరు వచ్చే సర్వీసు దాకా ఆగాలి. చక్రం సందులోంచి కనిపించేది బయటి ప్యాడు మాత్రమే, లోపలిది చక్రం విప్పితే గానీ సరిగ్గా కనపడదు కాబట్టి రెండు కొలతలూ కావాలి. బయటిది 7, లోపలిది 2 ఉందంటే తప్పు ప్యాడుది కాదు. చాలాసార్లు ప్యాడ్లని డిస్కుకి నొక్కే క్యాలిపర్ జరగడానికి ఉండే గైడ్ పిన్ను బిగుసుకుపోయి ఉంటుంది. ఆ పిన్ను తీసి, తుడిచి, దానికి వాడాల్సిన గ్రీజు పెట్టకుండా కొత్త ప్యాడ్లు తొడిగితే అవీ ఒకవైపే అరుగుతాయి, తమరికి పునర్జన్మ ఖాయం. డిస్కు కూడా మార్చాలంటారా, దాని కనీస మందం ఎంతో చాలా డిస్కుల మీదే అచ్చేసి ఉంటుంది. ఆ అంకె చూపించి, పక్కన మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూపించాలి. రాత్రంతా వానలో తడిసిన బండికి పొద్దున్నే నాలుగు బ్రేకులు తొక్కేదాకా గరగర వస్తే అది డిస్కు మీది తుప్పు పొర. దానికి తమరి సేవలు అక్కర్లేదు.

ఎండలు ముదరగానే తమరి తొలి పంక్తి "ఏసీ గ్యాస్ టాపప్". గ్యాసు పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉండేది ఏళ్ల మీద కాస్త తగ్గొచ్చు గానీ, పోయిన వేసవిలో ఎక్కించింది ఈ వేసవికి లేదంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. కండెన్సరా, గొట్టాల అతుకుల్లో ఉండే రబ్బరు ఓ-రింగా, కూలింగ్ కాయిలా అన్నది నైట్రోజన్ ప్రెషర్ పెట్టో, రంగు కలిపి యూవీ లైటు వేసో తేల్చాలి. అది తేల్చకుండా గ్యాసు ఎక్కించడమంటే చిల్లు కుండలో నీళ్లు పొయ్యడమే. అసలు గ్యాసు దాకా వెళ్లేముందు క్యాబిన్ ఫిల్టరు దుమ్ముతో పూడిపోయిందా, కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందా చూశారా? ఎన్ని గ్రాములు పట్టాలో సాధారణంగా బానెట్ కింద స్టిక్కరు మీద ఉంటుంది. ముందు వ్యాక్యూమ్ పెట్టి, తర్వాత తూచి ఎక్కించాలి. గేజి వంక చూసి "చాల్లే" అనుకునే పద్ధతిలో ఎక్కువైతే కంప్రెసర్ మీద భారం పడుతుంది, చల్లదనమూ తగ్గుతుంది.

ఇంజన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగు, ఇంజెక్టర్ క్లీనింగు, ఏసీ శానిటైజేషను, నైట్రోజన్ గాలి, కన్స్యూమబుల్స్: ఇవి తమరి నగలు. మామూలు గాలిలోనే నైట్రోజన్ 78 శాతం ఉంది. మిగతావి గ్లవ్ బాక్సులో మూలుగుతున్న ఓనర్స్ మాన్యువల్‌లో, సర్వీసు పట్టికలో ఈ కిలోమీటర్లకి రాసి ఉన్నాయా? లేకపోతే, ఫలానా ఇబ్బందికి ఇది కావాలని చూపించకపోతే, కొట్టేస్తాం. ఆయిలు ఎంత పడుతుందో కూడా అదే పుస్తకంలో ఉంటుంది. ఇంజన్ తాగేది మూడున్నర లీటర్లయితే నాలుగు లీటర్ల డబ్బాకి డబ్బు తీసుకున్నవారు మిగిలిన అర లీటరు డిక్కీలో పెట్టాలి.

చెక్ ఇంజన్ లైటు వెలిగితే స్కానర్‌లో వచ్చే కోడు లక్షణం పేరు చెబుతుంది, పార్టు పేరు కాదు. పీ0171 అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని. పగిలిన గాలి గొట్టం వల్ల కూడా అది వస్తుంది. తమరు చూడకుండానే ఆక్సిజన్ సెన్సర్ అని రాసేస్తారు.

పన్నుల దగ్గర తమరి చేతివాటం చెప్పుకోదగ్గది. డబ్బా మీది ఎమ్మార్పీ అంటేనే పన్నులన్నీ కలిపిన ధర. 1,180 రూపాయల పార్టులో 180 జీఎస్టీయే. తమరు ఆ 1,180 మీద మళ్లీ 18 శాతం వేసి 1,392 చేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు పార్టుల మీద 28 శాతం స్లాబు పోయి 18 అయింది. పాత సాఫ్ట్‌వేరు అని సాకు చెప్పొద్దు. "బిల్లు లేకుండా అయితే ఆ 18 తగ్గిస్తాం సార్" అనే ఔదార్యమూ వద్దు. బిల్లు లేని పార్టుకి వారంటీ ఉండదు, బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

రోడ్డు పక్క షెడ్డులో పుట్టిన ఎస్టిమేట్ల గురించే ఇదంతా అని, అద్దాల షోరూములో పుట్టినవారు మురిసిపోనక్కర్లేదు. స్పేర్ పార్టులు బయటి మెకానిక్‌లకి అందకుండా బిగబట్టారని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దనే షరతునీ తప్పుబట్టింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి, అది వేరే కథ. మరోపక్క ఆటోనగర్‌లో నూనె చేతులతో సిగరెట్ పెట్టె వెనక నాలుగు పంక్తులు రాసిచ్చి, సాయంత్రానికి ఆ నాలుగే పూర్తిచేసే మెకానిక్‌లు ఉన్నారు. వారిని తమరి వంశంలో కలపం.

తగాదా వస్తే గేటు దగ్గర కేకలు వేయం. ఒప్పుకున్న పని చేసినందుకు కూలి అందేదాకా బండి ఆపుకునే హక్కు షెడ్డువాళ్లకి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్‌లో ఉంది. డబ్బు కట్టి, బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లించాను" అని రాసి, బండి తెచ్చుకుంటాం. ఆ బిల్లు, కొట్టేసిన గళ్లతో సహా తమరి ఫోటో, వాట్సాప్ మాటలు, పాత పార్టులు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేస్తాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. గడువు రెండేళ్లు, చెల్లించిన మొత్తం 5 లక్షలలోపు అయితే ఫీజు కూడా లేదు.

ఇట్లు,
తమరి సంతకందార్లు

తా.క.: బ్యాటరీ సీరియల్ నంబరు, అయిదు టైర్ల పక్క గోడ మీద తయారీ తేదీ చెప్పే డీఓటీ కోడు కూడా ఫోటో తీసే బండి అప్పజెప్పాం. ఆ కోడు చివరి నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. డిక్కీలో మేం పెట్టిన స్టెప్నీ 2324. బండి తిరిగొచ్చాక అక్కడ 1917 కనిపిస్తే, ఆ మార్పు తమరిలో ఏ పంక్తిలో రాసి ఉందో చూపించగలరు.