గుర్రానికి అన్నీ తెలుసు, మీరు కూర్చుంటే చాలు

మంగోలియా ప్యాకేజీ టూర్ అనగానే నవ్వేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. లక్షలు పోసి రైలెక్కి, చేపలు పట్టి, గుర్రమెక్కి, సంచార పశువుల కాపరుల పక్కన డేరాలో పడుకుని రావడం డబ్బు ఎక్కువైనవాళ్ల పిచ్చి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ ప్యాకేజీలో ఉన్న వేదాంతం వీళ్ల బుర్రకు ఎక్కలేదు. పూర్వం ఋషులు అడవుల్లో కూర్చుని, ఒంటి మీద పుట్టలు లేచేదాకా తపస్సు చేసి సంపాదించిన స్థితి ఒకటుంది కదా, 'చేసేది నేను కాదు, అంతా దానంతటదే జరిగిపోతోంది' అనే స్థితి. మంగోలియాలో అది రెండు వారాల్లోపే, భోజనం వసతి కలుపుకుని దొరుకుతుంది. రైలును ఎవరో నడుపుతారు. పట్టిన చేపను మళ్లీ నీళ్లలో వదిలేయాలి. గుర్రం ముందున్న గుర్రం వెనకాలే పోతుంది. ఈ మూడింటిలో అతిథి చేసిన పని ఏమిటో చూపించినవాళ్ల కాళ్లకు దండం పెడతాను.

ముందు రైలు సంగతి చూద్దాం. ట్రాన్స్-మంగోలియన్ రైల్వే అన్న పేరు వింటేనే కొంతమందికి పూనకం వస్తుంది. రష్యాలో ఉలాన్-ఉదే దగ్గర సైబీరియా లైను నుంచి విడిపోయి, మంగోలియా రాజధాని ఉలాన్‌బాటర్ మీదుగా గోబీ ఎడారి దాటి చైనా సరిహద్దు దాకా పోయే దారి అది. రాజధానికి పట్టాలు 1949లో వచ్చాయి, చైనా దాకా పోవడానికి ఇంకో ఆరేడేళ్లు పట్టింది. సోవియట్ల హయాంలో వేసిన లైను కాబట్టి గేజ్, అంటే పట్టాల మధ్య దూరం కూడా వాళ్లదే, 1520 మిల్లీమీటర్లు. చైనాది 1435. తేడా మహా అయితే అరచేతి వెడల్పు. ఆ అరచేతి వెడల్పు కోసం సరిహద్దులో ఎరెన్‌హాట్ దగ్గర రైలును షెడ్డులోకి తోసి, పెట్టెలను విడదీసి, మనుషులు లోపల ఉండగానే జాకీల మీద పైకి లేపి, కింద చక్రాల ట్రాలీలు లాగేసి కొత్తవి తోస్తారు. గంటలకు గంటలు. సరిహద్దు తనిఖీల పుణ్యమా అని ఆ సమయంలో టాయిలెట్లకు తాళం. టీ ఎక్కువ తాగినవాడికి అంతర్జాతీయ సంబంధాలు ఎంత సున్నితమైనవో అక్కడే తెలిసొస్తుంది.

టూర్ కరపత్రంలో దీన్ని 'మరపురాని అనుభవం' అని రాస్తారు. అబద్ధమని ఎవరంటారు? సికింద్రాబాద్ చేరబోయే రైలు సిగ్నల్ లేక మౌలాలిలో పావుగంట ఆగితే మంత్రిగారిని ట్యాగ్ చేసి ఏకిపారేసే మనిషి, అక్కడ అర్ధరాత్రి గాల్లోకి లేచిన పెట్టెలో కూర్చుని, ఫోన్ కిటికీకి ఆనించి, ఇనుము మీద ఇనుము గీరుకుంటున్న చప్పుడును పరవశంగా రికార్డు చేసుకుంటాడు. ఆలస్యానికి మనం డబ్బులు కట్టామా లేదా అన్నదాన్ని బట్టే దాని రుచి ఉంటుందన్నమాట.

గోబీలో సైన్‌షాండ్ అని ఒక స్టేషన్ వస్తుంది. ఆ ప్రాంతంలోనే మంగోలియా తన మొదటి చమురు శుద్ధి కర్మాగారం కట్టుకుంటోంది. దానికి అప్పిచ్చింది మన దేశం, 2015లో ప్రకటించిన వంద కోట్ల డాలర్లతో మొదలైంది. ప్రధాన పనుల కాంట్రాక్టు మన హైదరాబాద్ వాళ్లదే, మేఘా ఇంజనీరింగ్ వాళ్లది. అయినా తెలుగు అతిథి ఆ సమయంలో రెండో వైపు కిటికీలోంచి ఒంటెలు కనిపిస్తాయేమోనని చూస్తుంటాడు. ఆయన్ని తప్పుపట్టలేం. నిర్జన ప్రదేశం చూడటానికి అంత దూరం వెళ్లి, మన ఊరి కాంట్రాక్టరు క్రేను చూసి వస్తే ఇంట్లో ఏమని చెప్పుకుంటాడు?

ఇక చేపలు. దీనికి రాత్రి రైల్లో ఎర్దెనెట్ అనే రాగి గనుల ఊరికి పోయి, అక్కడి నుంచి రష్యన్ వ్యానులో ఉత్తరానికి, ఎగ్, ఊర్ అనే నదుల వైపు పోవాలి. వ్యాను ప్రయాణంలో నడుము ఎక్కడుందో కచ్చితంగా తెలుస్తుంది. ఆ నదుల్లో టైమెన్ అనే చేప ఉంటుంది. సాల్మన్ జాతిలో ఇంతకంటే పెద్దది లేదు, మీటరు దాటి పెరుగుతుంది, ఏళ్లూ పూళ్లూ బతుకుతుంది, కాకపోతే చాలా నిదానంగా పెరుగుతుంది. అందుకే చట్టం గట్టిగా ఉంది. లైసెన్సు ఉండాలి, కృత్రిమ ఎరే వాడాలి, ఒంటి కొక్కెమే ఉండాలి, దానికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు, పట్టిన చేపను వదిలేయాలి. ఈ చేప నీళ్ల మీద ఈదుకుంటూ పోయే ఎలుకలను కూడా మింగేస్తుంది కాబట్టి, జింక వెంట్రుకలతో చేసిన ఎలుక బొమ్మను గాలానికి కట్టి విసురుతారు. మనిషి ఇంత చదువు చదివి, వీసా తీసుకుని, నడుం లోతు చన్నీళ్లలో దిగి బొమ్మ ఎలుకను ఈదించడం పరిణామ సిద్ధాంతంలో చివరి మెట్టు అని నా నమ్మకం.

ఆ కార్యక్రమం ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఎలుక బొమ్మ ముడి వేసేది గైడు. పడవను తెడ్డుతో నిలబెట్టేది గైడు. 'ఆ బండరాయి పక్కన, నీడలోకి వెయ్యండి' అని చూపించేది గైడు. అతిథి విసురుతాడు, అది వెళ్లి చెట్టుకు తగులుకుంటుంది. చెట్టెక్కి తీసేది గైడు. ఇలా ఒక్కోసారి రోజులు గడిచిపోతాయి, టైమెన్ తోక కూడా కనబడదు. ఎప్పుడో ఖర్మకాలి ఒకటి పడితే, దాన్ని వలలోకి తీసేదీ, కొక్కెం ఊడదీసేదీ, గాలి తగిలి చచ్చిపోకుండా నీళ్లలోనే పట్టుకుని, 'ఇప్పుడు చేయి కింద పెట్టి కొంచెం పైకెత్తండి సార్' అని అందించేదీ గైడే. ఫొటో పడుతుంది. అందులో గైడు భుజం ఒక మూల కనిపిస్తే దాన్ని కత్తిరించేస్తారు. చేప వెళ్లిపోతుంది. దాని వయసు, అనుభవం చూస్తే ఇలాంటి సార్లను అది ఇంతకుముందు కూడా చూసే ఉంటుంది.

దీన్నంతా 'సంచార జీవనంలో భాగంగా చేపల వేట' అని అమ్ముతారు చూడండి, అక్కడే నేను టోపీ తీస్తాను. మంగోలియా కాపరులకు సంప్రదాయంగా చేపల మీద పెద్ద మోజు లేదు. ఇంటి ముందు వందల గొర్రెలు మేస్తుంటే నీళ్లలో దిగాల్సిన ఖర్మ ఏముంది? పైగా నీళ్లలో లుస్ అనే దేవతలు ఉంటారని వాళ్ల నమ్మకం. మన నాగదేవతలకు దగ్గరి చుట్టాలు. నదిని మైల చేస్తే వాళ్లకు కోపం వస్తుంది. ఒడ్డున గుర్రం మీద పోతున్న కాపరి ఒక నిమిషం ఆగి, రబ్బరు ప్యాంటు వేసుకుని పొద్దున్నుంచీ నీళ్లలో నిలబడి, చివరికి దొరికిన చేపను కూడా వదిలేస్తున్న ఈ పెద్దమనిషిని చూసి, ఇంట్లో ఏదో గొడవయి ఉంటుందనుకుని, ఏమీ అడగకుండా పోతాడు. మర్యాద తెలిసిన జాతి.

రాత్రి బస గెర్ అనే గుండ్రటి డేరాలో. చెక్క జాలీ గోడ, పైన ఉన్ని కంబళ్లు, నడినెత్తిన గుండ్రటి వెలుతురు కంత, దక్షిణం వైపు తలుపు. అతిథికి ముందే నియమాల కాగితం ఇస్తారు. గడప తొక్కకూడదు. లోపల నిలబెట్టిన రెండు స్తంభాల మధ్య నుంచి పోకూడదు. పొయ్యి వైపు కాళ్లు చాపకూడదు. ఈల వేయకూడదు. గడప విషయం మనకు అమ్మమ్మ చెప్పిందే కదా అని తెలుగు అతిథి ధీమాగా కాలెత్తి లోపల పెడతాడు, తలుపు ఎత్తు తక్కువని కాగితంలో లేదు కాబట్టి నుదురు ఠంగుమని కొట్టుకుంటుంది. వెంటనే ఐరాగ్ గిన్నె చేతికొస్తుంది. పులియబెట్టిన ఆడగుర్రం పాలు. పుల్లమజ్జిగలో రెండు గుక్కల కల్లు కలిపినట్టుంటుంది. వద్దనకూడదు, కనీసం పెదవులకు తాకించాలి. తర్వాత ఎర్రగా కాల్చిన రాళ్లతో కలిపి ఉడికించిన గొర్రె మాంసం వస్తుంది, ఆ జిడ్డు రాళ్లను వేడివేడిగా చేతులు మార్చుకుంటే ఆరోగ్యం అంటారు. శాకాహారి అయితే ఆయన సూట్‌కేసులో ఉన్న ఆవకాయ సీసా మీద, ఉప్పు వేసిన పాల టీ మీద బతకాలి.

ఇంటాయన మర్యాదగా అడుగుతాడు: 'మీ పశువులు బాగా ఒళ్లు చేశాయా?' అక్కడ కుశలప్రశ్న అదే. దుబాసీ తర్జుమా చేస్తాడు. అతిథికి ఏం చెప్పాలో తోచదు. పశువులు లేవంటాడు. గొర్రెలు కూడానా? లేవు. మేకలు? లేవు. ఇంటాయన ముఖంలో జాలి కనిపిస్తుంది, ప్లేటులో ఇంకో ముక్క వేస్తాడు. అతిథి నెల జీతం ఎంతో, ఇంటి మీద అప్పు ఎంత ఉందో ఆయనకు తెలియదు, తెలిస్తే ఇంకో రెండు ముక్కలు వేసేవాడు.

మరుసటి రోజు పొద్దున అతిథికి చిన్న అసంతృప్తి. గెర్ పక్కన సోలార్ పలక ఉంది, డిష్ ఉంది, ఇంటి అబ్బాయి మందను మోటార్‌సైకిల్ మీద తోలుకుపోతున్నాడు, ఫోన్లో వాతావరణం చూస్తున్నాడు. ఇదేం సంచార జీవితం? సొంత అపార్ట్‌మెంటులో కరెంటు పది నిమిషాలు పోతే అసోసియేషన్ గ్రూపులో యుద్ధం చేసే మనిషి, కాపరి ఇంట్లో బల్బు వెలిగితే మోసపోయినట్టు ఫీలవుతాడు. మోటార్‌సైకిల్‌ను కాస్త పక్కకు పెట్టించమని గైడును బతిమాలి ఫొటో తీసుకుంటాడు. న్యాయమే, ఆయన కట్టిన డబ్బు చెంగిజ్ ఖాన్ కాలానికి, హోండా కాలానికి కాదు.

ఇప్పుడు గుర్రం. మంగోలియాలో మనుషులు 35 లక్షలు, గుర్రాలు 40 లక్షల పైనే. అంటే ఎన్నికలు పెడితే ఎవరు గెలుస్తారో చెప్పనక్కర్లేదు. భుజం ఎత్తు నాలుగడుగుల పైచిలుకు ఉండే పొట్టి గుర్రాలు, శాలలు లేవు, ఏడాది పొడుగునా బయటే, చలికాలంలో మంచును డెక్కలతో తవ్వుకుని గడ్డి మేస్తాయి. వాటికి ముద్దుపేర్లు పెట్టరు, రంగును బట్టి పిలుస్తారు. అలాంటి జీవికి 'అతిథి' అనే రంగు లేని వస్తువును అప్పగిస్తారు.

హెల్మెట్ పెడతారు. పడి కాలు విరిగితే తనదే బాధ్యత అని సంతకం చేయిస్తారు. ఎడమ వైపు నుంచి ఎక్కిస్తారు, రికాబులో కాలు పెట్టిస్తారు, పగ్గం చేతిలో పెడతారు. అసలు తాడు మాత్రం ముందు గుర్రం మీద ఉన్నవాళ్ల చేతిలో ఉంటుంది. ఆ ముందున్నది చాలాసార్లు ఇంటివాళ్ల పిల్లాడే, ఆరేడేళ్లవాడు, నెత్తిన టోపీ కూడా ఉండదు, చాక్లెట్ తింటూ వెనక్కి తిరిగి అతిథిని చూస్తూ పోతుంటాడు. జూలైలో నాదమ్ పండుగ వస్తే ఇలాంటి పిల్లలే పెద్ద గుర్రాల పందెంలో పాతిక కిలోమీటర్ల దూరం కూడా దౌడు తీస్తారు. మన అతిథి 'చూ' అంటాడు, నేర్పించారు కదా. గుర్రం వినదు. పిల్లాడు 'చూ' అంటాడు, రెండు గుర్రాలూ కదులుతాయి. ఇక ఆ దుడుకు నడకలో అక్కడివాళ్లు రికాబుల మీద లేచి నిలబడతారు, ఈయన కూర్చునే ఉంటాడు. రాత్రికి కూర్చోలేడు.

ఈ విషయంలో ఆదర్శం ఏదంటే మన ప్రధాని మోదీ అని చెప్పాలి. 2015 మే నెలలో వెళ్లినప్పుడు అక్కడి ప్రధాని కంథక అనే గుర్రాన్ని కానుకగా ఇచ్చారు. ఆయన తీసుకున్నారు, ఫొటో దిగారు, గుర్రాన్ని అక్కడే వదిలేసి వచ్చారు. మేపేది వాళ్లు, గుర్రం మనది. ప్యాకేజీ టూర్ పరమార్థాన్ని ఇంత శుభ్రంగా పట్టుకున్న యాత్రికుడు ఇంకొకరు లేరు.

ఇంత చెప్పినా 'ఇదంతా పైపై వేషం, అసలైన సంచార జీవితం చూపించరు' అని గొణిగేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం నా దగ్గర ఒక సూచన ఉంది, కంపెనీలు పరిశీలించాలి. ఇప్పుడున్న సీజన్ జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా. ఫిబ్రవరిలో ఒకటి పెట్టండి. మైనస్ 40 డిగ్రీలు. జుద్ అంటారు అక్కడ, మంచు గడ్డకట్టి కింద ఉన్న గడ్డి అందక పశువులు నిలబడ్డచోటే చచ్చిపోయే చలికాలం. 2023-24లో అలాంటిదే వచ్చి 70 లక్షలకు పైగా పశువులు పోయాయి. కార్యక్రమం తయారు చేయడం సులువు. పొద్దున్నే మంచు తవ్వి తలుపు తీయాలి. రాత్రి బతికిన వాటినీ చచ్చిన వాటినీ వేరు చేయాలి. అప్పుడే పుట్టిన గొర్రెపిల్లలను గెర్ లోపలికి తెచ్చుకుని వాటితో పాటు పడుకోవాలి, నియమాల కాగితం వాటికి వర్తించదు. కట్టాల్సిన బ్యాంకు వాయిదా ఎంత, మిగిలిన మంద ఎంత అని లెక్క చూసుకోవాలి. చేపలు ఉండవు, నది గడ్డకట్టి ఉంటుంది. ఒక్కటే చిక్కు, ఆ నెలలో గైడులు దొరకరు, వాళ్లు కూడా సొంత పశువుల దగ్గరే ఉంటారు.

పశువులన్నీ పోయినవాళ్లు గెర్‌ను మడిచి లారీకెత్తి ఉలాన్‌బాటర్ కొండల మీద వేసుకుంటారు. దేశ జనాభాలో దాదాపు సగం ఇప్పుడు ఆ నగరంలోనే ఉంది. 2017లో, ఇక చాలు, కొత్తగా రావద్దని నగరం వలసలకు అడ్డు కూడా పెట్టింది. చలికాలమంతా ఆ కొండల మీది పొయ్యిల బొగ్గు పొగ ఊరంతా పరుచుకుంటుంది. టూర్ బస్సు వాటి పక్కనుంచే పోతుంది కానీ ఆగదు. అవీ గెర్‌లే, ఆ ఉన్నే, ఆ జాలీ గోడే, లోపల ఉన్నవాళ్లు నిన్నటిదాకా సంచారం చేసినవాళ్లే, వద్దన్నా టీ పోసేవాళ్లే. మరి బస అక్కడ ఎందుకు పెట్టరో నాకు అర్థం కాలేదు. రైల్వే స్టేషన్‌కు దగ్గర, వ్యాను కిరాయి కూడా కలిసొచ్చేది.