రోమ్‌ను ఏలిన విశేషణం

క్రీ.పూ. 27 జనవరి 16న రోమ్ పెద్దల సభ అయిన సెనేట్, అప్పటికి అక్కడ తిరుగులేని నాయకుడైన ఆక్టేవియన్‌కి కొత్త పేరు ఇచ్చింది: ఆగస్టస్. నిజానికి అది పేరు కాదు, విశేషణం. పూజ్యమైన, పవిత్రమైన అని అర్థం. అప్పటిదాకా ఎక్కువగా గుళ్లకీ, పూజారులు శాస్త్రోక్తంగా ప్రతిష్ఠించిన స్థలాలకీ వాడేవాళ్లు. అలాంటి మాటను బతికున్న మనిషికి తగిలించారు.

ముందు రోములస్ అని పిలుద్దామని కొందరు అన్నారట. నగరాన్ని కట్టినవాడి పేరే అయినా, అతను రాజు. రాజు కావాలనుకుంటున్నాడన్న అనుమానంతోనే క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్‌ని పొడిచి చంపారు. ఆ సంగతి సీజర్ దత్తపుత్రుడైన ఆక్టేవియన్‌కి వేరే చెప్పాలా? చివరికి మునాటియస్ ప్లాంకస్ అనే సెనేటర్ ప్రతిపాదించిన ఆగస్టస్ ఖాయమైంది.

ఈ బిరుదుతో చట్టప్రకారం వచ్చిన అధికారం సున్నా. అసలు బలం సైన్యానిది. అంతకు మూడు రోజుల ముందే, రాజ్యాన్ని సెనేట్‌కి, ప్రజలకి తిరిగి అప్పగిస్తున్నానని చెప్పి, సైన్యాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలను తన చేతికింద ఉంచుకున్నాడు. ముసలితనంలో రాసుకున్న తన చరిత్రలో మాత్రం, అధికారంలో తోటి పదవుల వాళ్లకన్నా నాకు ఎక్కువేమీ లేదు, గౌరవంలోనే అందరినీ మించాను అన్నాడు.

నాకు భయం కలిగించేది ఆ వాక్యమే. పదవికి గడువు ఉంటుంది, హద్దు ఉంటుంది. ఏడాదికోసారి ఎన్నికయ్యే పెద్ద అధికారి, కాన్సుల్, తప్పు చేస్తే దిగిపోయాక కేసు వేయొచ్చు. పూజ్యుడిని ఏ చట్టం కింద నిలదీస్తారు? ఎదురు మాట్లాడితే అది అపచారం అయిపోతుంది. బిరుదు ఇచ్చిన సెనేటే ఆ రోజు తన నోటికి తాను తాళం వేసుకుంది.

క్రీ.పూ. 8లో సెక్స్‌టిలిస్ నెలకి అతని పేరు పెట్టారు. మనం ఇవాళ్టికీ ఆగస్టు అంటున్నది దాన్నే. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేలలో అతని కాలానివీ ఉన్నాయి.

క్రీ.శ. 14లో అతను చనిపోతూ వీలునామాలో భార్య లివియాకి ఆగస్టా అన్న పేరు రాసిపెట్టాడు. ఒక మనిషికి దక్కిన మర్యాద అప్పుడే ఇంటి ఆస్తి అయింది. తర్వాత గద్దెనెక్కిన ప్రతివాడూ ఆగస్టసే. క్రీ.శ. 293లో చక్రవర్తి డయోక్లీషియన్ పాలనను నలుగురికి పంచిన ఏర్పాటుతో పై హోదా ఇద్దరూ ఆగస్టస్‌లు, కింద ఇద్దరూ సీజర్‌లు. మూడు వందల ఏళ్లు తిరిగేసరికి ఆ విశేషణం పక్కా ఉద్యోగ హోదాగా మారిపోయింది.