వాడేవాళ్ల మాట కూడా వినాలి
సాంకేతిక విధానాల మీద అభిప్రాయం చెప్పడం నిపుణుల పని, కంప్యూటర్ యూజర్ గ్రూపులు, అంటే కంప్యూటర్ వాడేవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘాలు, క్లాసులు చెప్పుకుంటే చాలు అని ఒక వ్యాసకర్త రాసిన మాట నాకు అస్సలు నచ్చలేదు. ఇబ్బంది ఎక్కడుందో ముందు తెలిసేది వాడేవాళ్లకే కదా. విశాఖలో మా గ్రూపు దగ్గరికి ఒక పెద్దాయన పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చారు. డాబాగార్డెన్స్‌లో డీటీపీ షాపులో పాత ఫాంటుతో కొట్టించిన తెలుగు అర్జీ. మా కంప్యూటర్‌లో తెరిస్తే అన్నీ ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే యూనికోడ్ ఎందుకు కావాలో ఆ ఒక్క పేజీ చూస్తే చాలు. కేంద్రం 2010లో ఓపెన్ స్టాండర్డ్స్ (అందరూ వాడుకోగల ఉమ్మడి సాంకేతిక ప్రమాణాలు) విధానం, 2015లో ఓపెన్ సోర్స్ (కోడ్‌ని ఎవరైనా చూసి మార్చుకోగల సాఫ్ట్‌వేర్) విధానం తెచ్చింది. అవి కింది దాకా అందుతున్నాయో లేదో రాసి పంపగలిగేది ఇలాంటి గ్రూపులే. పైగా చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు జనం ముందు ఉంచాలని 2014లోనే కేంద్రం నిర్ణయించింది. డేటా రక్షణ నిబంధనల ముసాయిదా 2025 జనవరిలో వచ్చినప్పుడు మేమంతా కూర్చుని చదివాం. పిల్లల ఖాతాకి తల్లిదండ్రుల అనుమతిని ఎలా రుజువు చేస్తారన్న దగ్గరే సాయంత్రమంతా గడిచిపోయింది. ఫోన్ అమ్మది, వాడేది పిల్లాడు, ఓటీపీ వచ్చేదీ అదే ఫోన్‌కి! జాలారిపేటలో ఒకే ఫోన్‌తో నడిచే ఇళ్లు ఉన్నాయి, ఆ సంగతే రాసి, జనం అభిప్రాయాలు తీసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్ మైగవ్‌లో పెట్టాం. ముసాయిదాలు తెలుగులో కూడా ఇస్తే ఆ ఇళ్లవాళ్లే నేరుగా రాస్తారు.