పెట్రోలియం సీటుకు ముందు అడగాల్సింది ప్యాకేజీ గురించి కాదు

హైదరాబాద్ కింద చమురు లేదు, దొరికే అవకాశమూ లేదు. ఈ నగరం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద కూర్చుంది. చమురు, గ్యాస్ పుట్టాలంటే డెల్టాలోనో సముద్రపు అడుగునో పొరలు పొరలుగా పేరుకున్న అవక్షేపాలు కావాలి. మనకు దగ్గర్లో చమురు, గ్యాస్ దొరికే అలాంటి పొరలు ఉన్నది గోదావరి దిగువన, కోనసీమలోనూ దాని పక్క సముద్రంలోనూ. అయినా ఏటా ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) కౌన్సెలింగ్ రోజుల్లో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లలో పెట్రోలియం ఇంజనీరింగ్ పేరు వినిపిస్తూనే ఉంటుంది. పిల్లాడి ర్యాంకుకు కంప్యూటర్ సైన్స్ రాదు, తండ్రికి మెకానికల్ మీద నమ్మకం పోయింది, ఓఎన్‌జీసీలో పనిచేసే దూరపు బంధువు ఒకాయన ఉంటాడు. ఇంకేముంది, "పెట్రోలియం తీసుకుంటే పోలా" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: "ప్యాకేజీ ఎంతుంటుంది?"

దానికి నిజాయితీగా జవాబు చెప్పగలిగే మనిషి లేడు. 2014 జూన్‌లో 110 డాలర్లు దాటిన బ్యారెల్ ముడిచమురు ధర 2016 జనవరికల్లా 30 డాలర్ల లోపుకు పడిపోయింది. 2014లో గల్ఫ్ జీతాలు చూసి సీటు తీసుకున్న కుర్రాళ్లు రెండో ఏడాదిలో ఉండగానే ఆ కంపెనీలు ఉన్న ఇంజనీర్లనే ఇళ్లకు పంపడం మొదలుపెట్టాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ (ముందుగా కుదుర్చుకునే కొనుగోలు ఒప్పందాలు) ధర ఏకంగా మైనస్ 37 డాలర్లకు పోయింది. అంటే సరుకు వదిలించుకోవడానికి ఎదురు డబ్బివ్వాల్సిన పరిస్థితి. కోర్సు నాలుగేళ్లు. చేరేనాటి ధర చూసి లెక్కలేసుకుంటే, పట్టా పుచ్చుకునేనాటికి ఆ లెక్క ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇదంతా చదివి పెట్రోలియం దండగ అంటున్నాననుకోవద్దు. చదువు మంచిదే, అవసరమైనదే. దాన్ని మన దగ్గర అమ్ముతున్న తీరే తప్పు. ఈ సబ్జెక్టు అసలు నేర్పేది కంటికి కనిపించని దాన్ని అంచనా వేయడం. ఆ పని నేర్పే సరంజామా లేని కాలేజీలో నాలుగేళ్లు గడిపితే చివరికి మిగిలేది పట్టా కాగితమే.

చమురు భూమిలో చెరువులా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది ఉండేది రాతి లోపలి సన్నటి సందుల్లో, వానలో తడిసిన ఇటుకలో నీళ్లున్నట్టు. రాతిలో ఖాళీ ఎంత ఉందో చెప్పేది పోరాసిటీ. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ద్రవాన్ని ఎంత తేలిగ్గా పోనిస్తాయో చెప్పేది పెర్మియబిలిటీ. రెండూ వేర్వేరు. బంకమట్టి గట్టిపడి ఏర్పడిన షేల్ రాయి లోపల ఖాళీ ఉన్నా దారి ఉండదు. బావి తవ్వేటప్పుడు పైకి తీసిన రాతిని కోర్ అంటారు. దాన్నుంచి బొటనవేలంత స్తంభంలా ఒక ముక్క కోసి పరీక్షలు చేస్తారు. మంచి ఇసుకరాయి ముక్క మీద నీటిబొట్టు వేస్తే చూస్తుండగానే ఇంకిపోతుంది, గట్టి షేల్ మీద వేస్తే అలాగే నిలబడుతుంది. ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసిన విద్యార్థికి డార్సీ సూత్రం బట్టీ పట్టాల్సిన పని ఉండదు. 1856లో ఫ్రెంచ్ ఇంజనీరు డార్సీ దాన్ని కనిపెట్టింది చమురు కోసం కాదు, దిజోన్ ఊరి మంచినీళ్ల లెక్కల కోసం. ఇసుకలోంచి నీళ్లు ఎంత వేగంగా దిగుతాయో కొలిచాడు. చమురు బావుల ఇంజనీర్లు ఇప్పటికీ అక్కడినుంచే మొదలుపెడతారు.

ఈ అంచనా తప్పితే ఏమవుతుందో మనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో రిలయన్స్ 2002లో గ్యాస్ కనుగొంది, 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు తీయాలన్నది ప్రణాళిక. 2010లో 6 కోట్ల దాకా వెళ్లి, అక్కడినుంచి కిందికి జారింది. 2013-14 నాటికి ఆ గరిష్ఠంలో పావు వంతు దరిదాపుల్లోకి వచ్చేసింది. బావుల్లోకి నీరు, ఇసుక చేరాయి, లోపలి ఒత్తిడి పడిపోయింది. తీయగలమనుకున్న నిల్వలను మొదట చెప్పినదాంట్లో మూడో వంతు స్థాయికి కుదించారు. తవ్వాల్సినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భం అనుకున్నదానికంటే చిక్కుగా ఉందని కంపెనీ వాదించుకుని మధ్యవర్తుల దాకా వెళ్లారు. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఆ గ్యాస్ మీద ఆధారపడ్డ వేమగిరి, కోనసీమ, గౌతమి లాంటి విద్యుత్ ప్లాంట్లు ఏళ్ల తరబడి పడకేశాయి. వాటికి అప్పులిచ్చిన బ్యాంకులు ఇరుక్కుపోయాయి. సముద్రం అడుగున రాతి పొరలు ఒకదానితో ఒకటి ఎంతవరకు కలిసి ఉన్నాయన్న ప్రశ్న, బ్యాంకుల మొండి బకాయిల పద్దులో తేలింది. రాతి పొరల్లో చమురు, గ్యాస్ ఎంత ఉందో, ఎంత తీయగలమో లెక్కగట్టే రిజర్వాయర్ ఇంజనీరింగ్ ఎందుకు చదవాలని అడిగేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం ఎక్కడా దొరకదు. కానీ మన కాలేజీల్లో ఎన్నిచోట్ల దీన్ని క్లాసులో విప్పి చెబుతున్నారన్నది నా అనుమానం.

ఈ చదువులో సహజవాయువుకు సంబంధించిన సగం కూడా అంతే. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపడం, అందువల్ల గొట్టం తుప్పు పట్టడం కారణాలుగా విచారణలో తేలాయి. బావినుంచి వచ్చే గ్యాస్‌తో పాటు నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి. ఆ రెండూ కలిస్తే ఆమ్లం తయారై ఉక్కును లోపలినుంచి తింటుంది. అందుకే గ్లైకాల్‌తో నీటిని లాగేశాకే గ్యాస్‌ను పైపులోకి వదలాలి. ఏ యూనివర్సిటీ సిలబస్‌లో చూసినా డీహైడ్రేషన్ పేరుతో ఒక యూనిట్ ఉంటుంది, పరీక్షకు ముందురోజు రాత్రి చదివే యూనిట్ అన్నమాట.

హైదరాబాద్‌లో ఈ చదువు కళ్లెదుట కనిపించేది కూడా గ్యాస్ వైపే. బంకు దగ్గర ఆటో సిలిండర్‌లోకి ఎక్కే సీఎన్‌జీ ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది. అపార్ట్‌మెంట్ వంటగదిలోని పైపు గ్యాస్ ఒత్తిడి 21 మిల్లీబార్ దగ్గర నిలబడుతుంది. దాదాపు పదివేల రెట్ల తేడా. ఆ మధ్యలో రెగ్యులేటర్లు, వాల్వులు, లీకైతే ముక్కుకు తెలియడానికి కలిపే మెర్‌క్యాప్టన్ వాసన, మెట్రో పనులకో కేబుళ్లకో రోడ్డు తవ్వే జేసీబీలనుంచి గొట్టాన్ని కాపాడుకునే తంటా ఉంటాయి. భాగ్యనగర్ గ్యాస్ లాంటి సంస్థలకు కావాల్సింది ఈ పని తెలిసినవాళ్లే. దేశ ఇంధన వినియోగంలో ఇప్పుడు 6 శాతం చిల్లర ఉన్న గ్యాస్ వాటాను 2030కల్లా 15 శాతానికి చేర్చాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. ఆ గడువుకు చేరడం నాకైతే అనుమానమే. కానీ పైపులు వేస్తూనే ఉంటారు, వాటికి మనుషులు కావాల్సిందే.

ఇక ఉద్యోగాల సంగతి. ఓఎన్‌జీసీ ఇంజనీర్ల పోస్టులు గమనిస్తే ఒక చేదు నిజం కనబడుతుంది. డ్రిల్లింగ్‌కు మెకానికల్ వాళ్లనూ తీసుకుంటారు, ప్రొడక్షన్‌కు మెకానికల్, కెమికల్ వాళ్లనూ తీసుకుంటారు. అవతలి బ్రాంచీలవాళ్లు ఇటు రావచ్చు, పెట్రోలియం వాళ్లు అటు పోలేరు. ఒక పక్క దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. మరో పక్క సొంత ఉత్పత్తి 2011-12లో 3.8 కోట్ల టన్నులుంటే 2023-24కి 3 కోట్ల టన్నుల లోపుకు తగ్గింది. పాత బావులనుంచి ఇంకాస్త పిండటానికి తెలివైన ఇంజనీర్లు కావాలి, నిజమే. కానీ వేలల్లో అక్కర్లేదు. ఏటా బయటికొచ్చే పట్టభద్రుల్లో కొందరు చివరికి అమీర్‌పేట మెట్లెక్కి జావా నేర్చుకోవడం అందుకే.

కాబట్టి అడ్మిషన్ కోసం కాలేజీకి వెళ్లే తల్లిదండ్రులు ల్యాబ్ చూపించమని అడగాలి. కోర్ ముక్కలున్నాయా? మడ్ ల్యాబ్‌లో బావి తవ్వేటప్పుడు లోపలికి పంపే బురద సాంద్రతను విద్యార్థులే కొలుస్తారా? ఇదేదో చిన్న విషయమనుకోవద్దు. బావిలో బురద బరువు లోపలి ఒత్తిడిని ఆపలేకపోతే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగజిమ్ముతుంది, దాన్నే బ్లోఅవుట్ అంటారు. 1995లో పాశర్లపూడిలో అలా రేగిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. పాఠం చెప్పేవాళ్లలో ఒక్కరైనా రిగ్గు మీద పనిచేశారా? పిల్లల్ని చమురు, గ్యాస్ బావులు చూపించడానికి రాజమండ్రి వైపో తాటిపాక వైపో ఎన్నిసార్లు తీసుకెళ్తారు? వీటికి జవాబు నీళ్లు నమలడమైతే లేచి వచ్చేయడం మేలు.

ధన్‌బాద్ ఐఐటీలోనో, విభజన చట్టం హామీతో 2016లో విశాఖలో మొదలైన పెట్రోలియం విద్యాసంస్థ ఐఐపీఈలోనో సీటు వస్తే వెనకాడక్కర్లేదు. అవి రాకపోతే బీటెక్ కెమికల్ చేసి, పెట్రోలియాన్ని ఎంటెక్‌కు ఉంచుకోవడం తెలివైన పని. గేట్‌లో 2017నుంచి పెట్రోలియానికి విడిగా పేపర్ ఉంది, దాన్ని కెమికల్ వాళ్లూ రాయొచ్చు. మార్కెట్ పడిపోతే ఫార్మా ఉంది, హైదరాబాద్‌లో దానికి కొదవేం లేదు.

భూగర్భం మీదే మనసున్న పిల్లలకు ఇంకో దారి ఈ ఊళ్లోనే ఉంది. ఇంజనీరింగ్ మోజులో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ దేశ తీరాల్లో గ్యాస్ హైడ్రేట్ల (సముద్రపు అడుగున మంచులాంటి గడ్డల్లో చిక్కుకున్న గ్యాస్) మీద ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. దానికి కాస్త దూరంలోనే ఉస్మానియాలో జియాలజీ, జియోఫిజిక్స్ విభాగాలున్నాయి. బావి ఎక్కడ తవ్వాలో చెప్పేది అక్కడ చదివినవాళ్లే, ఓఎన్‌జీసీ వాళ్లకు వేరుగా పోస్టులిస్తుంది. ప్రైవేటు కాలేజీలో పెట్రోలియం సీటుకు నాలుగేళ్లలో కట్టే ఫీజు ముందు ఆ చదువుకయ్యే ఖర్చు లెక్కలోకే రాదు.